నియమము మారినచో ఆట యేల మారును?

వేలూరు, గుడియాత్తము ప్రాంతములలో తమిళులు ఆడుపులి ఆట్టమనియు, తెలుగువారు పులిజూదమనియు పిలుచు ఆటయందు 3 పులులకు 15 మేకలు ఎదురు నిలుచును. పులి మేకమీదుగా దుమికి దానిని చంపును, మేకకు చంపు శక్తి లేదు, పైగా మేకలన్నియు గీసిన గీతలపైకి దిగువరకు ఏ మేకయు కదలరాదు, కావున అవి గుమిగూడి పులికి దారి మూయవలసినదే. ఒకే గీతలపై ఒకరికి వేటయు, వేరొకరికి ఓర్పును నేర్పు ఈ ఏర్పాటు నాకెంతయు ప్రియమైనది.

1974లో గైగాక్స్, ఆర్నెసన్ అనువారు అమెరికాలో వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను పాత్రధారణక్రీడలో గీతలకు బదులు కథ యుండును. వీరుని పాత్ర దాల్చిన బాలుడు గోడ దూకెదననగా, ఫలము సందేహాస్పదమైనచో, నేటి నియమముల ప్రకారము 20 ముఖముల పాచిక తీర్పు చెప్పును. నియమము మౌనము వహించినచోట కథానిర్వాహకుడే నిర్ణయించును. పులిజూదమున బాలుడు “ఎక్కడికి జరుపవచ్చును?” అని యోచించును, ఇచ్చట నిర్వాహకుడు వానిని “నీవేమి చేయుదువు?” అని యడుగును.