మీరు తీసుకోని అప్పు సిబిల్‌లో కనబడితే

పంట రుణం తిరగరాయించుకుందామని తొలకరి ముందు బ్యాంకుకు వెళ్లాను. ఫీల్డాఫీసరు కంప్యూటర్లో చూసి, ‘మీ పేరున వేరే బ్యాంకులో 38 వేల బకాయి చూపిస్తోందండీ, అది తేలితేగానీ మాది కుదరదు’ అన్నాడు. ఆ రెండో బ్యాంకు గడప తొక్కినట్టే నాకు గుర్తులేదు. వారం తిరక్కుండా ఎవరో ఫోను చేసి, ‘వసూలు వాళ్లం. ఇవాళ ఓ రెండు వేలు కట్టండి, మిగతాది నిదానంగా చూద్దాం’ అన్నారు. మా ఇంటావిడ ‘పోతే పోయాయి, కట్టెయ్యండి, నలుగురిలో పరువు పోతుంది’ అంది. నేను కట్టలేదు.

కారణం మన రైతులకు కొత్తది కాదు. ప్రోనోటు మీద అప్పిచ్చిన ఆసామి మూడేళ్లు నిండబోతుండగా వచ్చి, ‘ఒక వంద ఇచ్చి వెనకాల చెల్లు రాయవయ్యా’ అని ఎందుకడుగుతాడో అందరికీ తెలుసు. చెల్లు పడితే నోటుకు మళ్లీ మూడేళ్ల ఆయుష్షు. బ్యాంకు అప్పులకు కూడా 1963 నాటి కాలపరిమితి చట్టమే వర్తిస్తుంది. మామూలు అప్పుకు మూడేళ్లు, భూమి తనఖా ఉంటే 12 ఏళ్లు. ఆ గడువు లోపల కొంత సొమ్ము కట్టినా, బాకీ ఉన్నానని సంతకం పెట్టినా లెక్క ఆ రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది. గడువు దాటాక కూడా ‘కడతాను’ అని రాసిచ్చిన కాగితం కొత్త ఒప్పందంగా నిలుస్తుంది. కాబట్టి బాకీ ఎవరిదో తేలేదాకా రూపాయి కట్టకూడదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు, ఫోనులో ఓటీపీ చెప్పకూడదు.

ముందుగా రిపోర్టు చేతికి తెచ్చుకోవాలి. బ్యాంకు వాళ్లు నోటితో చెప్పింది చాలదు. మన దేశంలో అప్పుల చిట్టా రాసే కంపెనీలు నాలుగున్నాయి: సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం 2017 నుంచి ఒక్కో కంపెనీ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. పాన్ కార్డు, ఫోను నంబరు ఉంటే చదువుకున్న పిల్లలు పది నిమిషాల్లో తీసిపెడతారు. డబ్బు కట్టే పథకాలు ముందు కనబడతాయి, ఉచితం ఎక్కడో కింద ఉంటుంది. వెతకాలి.

రిపోర్టులో ఒక్కో అప్పుకు ఒక్కో గడి ఉంటుంది. ఇచ్చిన సంస్థ పేరు, ఇచ్చిన తేదీ, మొత్తం, చివరిసారి కట్టిన తేదీ, బకాయి ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా ఆ అప్పులో మీరెవరో కూడా రాసి ఉంటుంది: సొంతమా, ఉమ్మడా, జామీనా అని. నా చిక్కు అక్కడే విడిపోయింది. నా పేరు ఎదురుగా ‘గ్యారంటర్’ అని ఉంది. 2011లో మా పొలం పక్క రైతు బోరు మోటారుకు అప్పు తీసుకుంటే జామీను సంతకం పెట్టాను. పెట్టిన నాడే మరిచిపోయాను. చట్టం మాత్రం మరవదు. తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే.

ఇలా కాక ఇంకొన్ని దారుల్లోనూ బకాయి పుడుతుంది. మాఫీ సొమ్ము విడతలుగా పడినప్పుడు మధ్యకాలపు వడ్డీ ఖాతాలో మిగిలిపోవడం ఒకటి. ‘రైటాఫ్’ అని ఉంటే మాఫీ అయిందనుకుంటారు కొందరు. అది బ్యాంకు తన పుస్తకాల్లో చేసుకునే సర్దుబాటే, బాకీ అలాగే ఉంటుంది. పాత మొండి బాకీలను బ్యాంకులు ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలకు అమ్ముతాయి. అందుకని ఎన్నడూ వినని కంపెనీ పేరు కనబడినంత మాత్రాన దొంగ బాకీ అనుకోవద్దు. ఇక మన ఆధార్, పాన్ నకళ్లతో ఎవరో అప్పు లాగేయడమూ ఉంది. అలాంటిదని తేలితే పోలీసు ఫిర్యాదు నకలు కూడా జతపరచాలి.

మా పొలం పక్క రైతు ఇప్పుడు లేడు. వాళ్లబ్బాయి ట్రంకుపెట్టె వెతికితే అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం దొరికింది. అది లేకపోతే ఈ వ్యాసం వేరేగా ఉండేది.

తర్వాత రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి అప్పిచ్చిన బ్యాంకుకు, రెండోది రిపోర్టు ఇచ్చిన కంపెనీకి. రిపోర్టు మీది కంట్రోలు నంబరు, తప్పున్న గడి, ఏం తప్పో రెండు ముక్కల్లో రాసి నకళ్లు జతచేశాను. బ్యాంకులో ఇస్తే తేదీ, ముద్ర వేయించుకోవాలి. దూరమైతే స్పీడు పోస్టు రశీదు దాచాలి. ఈ తేదీతోనే పని ఉంది. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. 45వ రోజున సరిచేస్తే 1,500 రూపాయలు రావాలన్నమాట. సరిచేయం అంటే కారణం చెప్పాలి.

30 రోజులైనా జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 14448కు ఫోను చేస్తే ఎలా పంపాలో చెబుతారు. సహకార సంఘంలో మీ పేరున బినామీ అప్పు రాసి ఉంటే ఆ దారి వేరు. సంఘం కార్యదర్శికి రాసి, నకలు జిల్లా సహకార అధికారికి ఇవ్వాలి.

వసూలు ఏజెంట్ల సంగతి. ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో స్పష్టం చేసింది. బెదిరించకూడదు, చుట్టాల ముందు అల్లరి పెట్టకూడదు. ఇంటికొస్తే బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడగండి. ‘కోర్టు లేకుండానే పొలం వేలం వేసేస్తాం’ అంటారు. సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదని ఆ చట్టం 31వ సెక్షనే చెబుతోంది. అలాగని బ్యాంకుకు కోర్టు దారి లేదని కాదు.

లెక్క చూసుకున్నాక బాకీ నిజంగా మీదేనని తేలితే రాజీకి వెళ్లవచ్చు. అయితే ఎంతకు ఒప్పుకున్నారో బ్యాంకు కాగితం మీద ఇచ్చాకే, బ్యాంకు ఖాతాలోనే కట్టాలి. ఏజెంటు చేతికి వద్దు. తగ్గించి కట్టిన అప్పు ‘సెటిల్డ్’ అని పడుతుంది, పూర్తిగా కట్టింది ‘క్లోజ్డ్’ అని పడుతుంది. మొదటి మాట ఉంటే తర్వాత అప్పు అడిగినప్పుడు వెనకాడతారు. ‘మూడు వేలిస్తే సిబిల్ శుభ్రం చేస్తాం’ అనేవాళ్లు మండల కేంద్రాల్లో తయారయ్యారు. వాళ్లు చేసేది ఈ ఉత్తరాలు రాయడమే.

నా గడి 26వ రోజున సరయింది. అప్పటికి నాట్లు అయిపోయాయి. మొదటి దఫా ఎరువులు నూటికి రెండు రూపాయల వడ్డీ మీద దుకాణంలో అరువు తెచ్చుకోవలసి వచ్చింది. ఈసారి వేసవిలోనే, మే నెల మొదట్లో, రిపోర్టు తీయించి చూసుకున్నాను. బ్యాంకులో పాత ఫోను నంబరు కూడా మార్పించాను. మన రిపోర్టును ఏ బ్యాంకయినా తెరిచి చూస్తే ఇప్పుడు ఫోనుకు సమాచారం రావాలి. పాత నంబరే ఉంటే అది ఇంకెవరికో పోతుంది.