వంటింటి కత్తికి పుట్టిల్లు



పొద్దున్నే మన చేతిలోకి వచ్చే పనిముట్టు కత్తిపీటో, చాకో. చీర కొనేటప్పుడు గద్వాలా, పోచంపల్లా అని అడుగుతాం. చాకు కొనేటప్పుడు ఇది ఏ ఊరిదని ఎవరమైనా అడుగుతామా? చీరలకున్నట్టే కత్తులకూ పుట్టిళ్ళున్నాయి. ఇవాళ ఆ ఊళ్ళ సంగతి చెప్పుకుందాం.

ఇంగ్లండులో షెఫీల్డు ఉంది. అక్కడ కత్తులు చేసేవాళ్ళ సంఘం 1624లోనే చట్టప్రకారం ఏర్పడింది. 1913లో హారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకి గొట్టాలు త్వరగా అరిగిపోని లోహం కోసం వెతుకుతూ, ఉక్కులో క్రోమియం కలిపి చూశాడు. అది తుప్పు పట్టలేదు. ఇవాళ మన స్టీలు చాకులకు అదే దారి చూపింది. జర్మనీలో జోలింగెన్ ఉంది. అక్కడ తయారుకాని కత్తిమీద ఆ ఊరి పేరు వేయకూడదని 1938లో చట్టమే చేశారు. జపానులో సెకి అనే ఊరు యుద్ధపు కత్తులకు పేరుపడింది. 1876లో సమురాయిలు కత్తి కట్టుకుని తిరగరాదని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. దాంతో అక్కడి కమ్మరులు వంటింటి కత్తుల వైపు మళ్ళారు.

మరి మనకేముంది అంటారా? మెట్టుగూడలోనో తార్నాకలోనో కూర్చుని షెఫీల్డు గురించి వింటున్నాం గాని, నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం పేరు మనలో ఎందరికి తెలుసు? ఒకప్పుడు అక్కడి ఉక్కుకోసం పారశీక వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. 1820ల నాటికి ఈ ప్రాంతాలు తిరిగిన హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు అక్కడి పని కళ్ళారా చూసి రాసిపెట్టాడు. ఆ వ్యాసం 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఆ ఊళ్ళోనే ఉండి సరుకు కొంటున్నాడని అందులో ఉంది.

ఆ పని ఎలా చేసేవారంటే, బంకమట్టిలో వరిపొట్టు కలిపి మూసలు చేసేవారు. వాటిలో ఇనుము పెట్టి, మూత మెత్తి, బొగ్గుల కొలిమిలో చాలాసేపు కాల్చేవారు. ఇనుము కరిగి, నూటికి ఒకటి, ఒకటిన్నర వంతుల కర్బనం పట్టి, ముద్దగా పేరుకునేది. ఆ కర్బనమే పదునుకు మూలం. ఆ ముద్దల్ని సాగగొట్టి కత్తులు చేస్తే అలల్లాంటి గీతలు తేలేవి. అలాంటి కత్తులకు లోకం పెట్టిన పేరు మాత్రం డమాస్కస్!

మన ‘ఉక్కు’ మాటే ‘వూట్జ్’గా మారి ఇంగ్లీషులోకి వెళ్ళిందంటారు పండితులు. 1795లో లండన్ రాయల్ సొసైటీలో ఈ ఉక్కుమీద వ్యాసం చదివారు. తరవాత జేమ్స్ స్టొడార్ట్ అనే కత్తుల తయారీదారు, విద్యుత్తు పరిశోధనల ఫారడే కలిసి దీని రహస్యం కోసం ఏళ్ళతరబడి శ్రమపడ్డారు. ఇంతలో యంత్రాల ఉక్కు చవగ్గా వచ్చిపడింది, ఇక్కడి కొలిములు ఒక్కొక్కటే చల్లారాయి. జోలింగెన్ పేరును కాపాడటానికి చట్టముంది. కోనసముద్రానికి ఆ పేరైనా దక్కలేదు.

ఇక మనింటి మాట. ఇనపకత్తి చవగ్గా పదునెక్కుతుంది గాని తడి తగిలితే తుప్పు పడుతుంది. వంకాయ, అరటికాయ దానితో తరిగితే ముక్కలు నల్లబడతాయి. కాయలోని వగరు ఇనుముతో కలవడమే అందుకు కారణం. స్టీలు చాకుకు ఆ బాధ తక్కువ. కత్తి ఏదైనా, వాడగానే కడిగి, పొడిగుడ్డతో తుడవండి. ఇనపదానికి చుక్క నూనె రాయండి. రాతిగట్టుమీద తరగకండి, అంచు విరుగుతుంది. మొద్దు కత్తితో ఇంకొన్నాళ్ళు నెట్టుకొద్దామనుకోకండి. గట్టిగా నొక్కితే జారి వేలు తెగేది దానితోనే. సాన పట్టేవాడు వీధిలోకి వస్తే పిలవండి.

ఈసారి చాకు కొనేటప్పుడు మాత్రం, ఇది ఏ ఊరిదని ఒక్కమాట అడిగి చూడండి. ఉంటానమ్మా, సెలవు.