మీకు తెలుసా? రంపాన్ని ఆపే ఎర్ర బటన్‌లో ఎన్ని వింతలో!

ఇంట్లో చెక్క పని చేసేవాళ్ళూ, కాస్త ఇటు రండి! 10 అంగుళాల బ్లేడున్న టేబుల్ సా నిమిషానికి దాదాపు 4,000 చుట్లు తిరుగుతుంది. అప్పుడు దాని పళ్ళ వేగం ఎంతో తెలుసా? గంటకు సుమారు 190 కిలోమీటర్లు! మన పట్టాల మీద వందే భారత్ రైలు కూడా అంత వేగంగా పోదు!

ఇంకో మాట వినండి. కన్ను చూసి, మెదడు చెప్పి, చెయ్యి కదలాలంటే చురుకైన మనిషికైనా దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఈలోపు ఆ బ్లేడు ఎన్ని చుట్లు తిరిగేస్తుందో చెప్పండి! 13! స్విచ్ ఎక్కడుందని వెతుక్కుంటే ఇంకెన్ని తిరుగుతుందో!

ఇప్పుడు అసలు సంగతి. చెక్క కోస్తుండగా కరెంటు పోయింది. మెషిన్ ఆగింది. బ్లేడు పక్కన ఇరుక్కున్న ముక్కను మీరు వేళ్ళతో లాగుతున్నారు. టక్కున కరెంటు వచ్చింది! మామూలు స్విచ్ అయితే ఇంకా ఆన్‌లోనే ఉంది కదా! ఎవరూ ముట్టుకోకుండానే బ్లేడు గిర్రున తిరిగిపోతుంది! దీన్ని ఆపడానికే నో వోల్ట్ స్విచ్ అని ఒకటుంది. లోపల చిన్న తీగచుట్ట ఉంటుంది. దాన్నే కాయిల్ అంటారు. దానికి 230 వోల్టుల కరెంటు అందినంతసేపే అది అయస్కాంతం. కరెంటు పోయిందా, పట్టు వదిలేస్తుంది! స్ప్రింగు వెంటనే కనెక్షన్ తెంచేస్తుంది. తిరిగి కరెంటు వచ్చినా ఉలకదు, పలకదు! మీరొచ్చి పచ్చ బటన్ నొక్కాల్సిందే! నా మటుకు నాకు అన్నిటిలోకీ ఇదే పెద్ద వింత. ఎవరూ నొక్కకుండానే ఆపే స్విచ్ ఇది!

పచ్చ బటన్, ఎర్ర బటన్... ఎక్కడో చూసినట్టుందా? పొలంలో బోరు మోటార్ స్టార్టర్! అందులోనూ ఇదే కాయిల్! కరెంటు వచ్చినప్పుడల్లా పొలానికి పరిగెత్తలేక చాలామంది రైతులు దానికి ఆటో స్టార్టర్ తగిలించుకున్నారు. కరెంటు రాగానే మోటార్ దానంతటదే ఆన్! 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను కోరింది. అది భూమిలో నీళ్ళు కాపాడుకోవడానికి. రంపానికైతే వేళ్ళు కాపాడుకోవడానికి! బోరుకు అలవాటైన ఆటో పెట్టెను చెక్క మెషిన్‌కు ఎన్నడూ తగిలించకండి!

మీ మెషిన్‌కు కొట్లో స్టార్టర్ కొంటున్నారా? కాయిల్ మీద అంకె చూడండి! 415 అని ఉంటే అది రెండు ఫేజుల మధ్య కట్టేది. ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటుతో అది సరిగా పట్టుకోదు! బటన్ నొక్కుతారు, గుర్రుమంటుంది, వదిలేస్తుంది. పాపం, మెషిన్ పాడైందనుకుంటారు!

మోటార్ స్టార్టయ్యే ఆ క్షణంలో ఎంత కరెంటు లాగుతుందో తెలుసా? మామూలుగా తిరిగేటప్పటి కంటే దాదాపు 6 రెట్లు! అందుకే గోడ మీది లైటు స్విచ్‌తో రంపం నడపకూడదు. లోపల నిప్పురవ్వలు లేచి రేకులు అతుక్కుపోవచ్చు. అప్పుడు ఆఫ్ చేసినా ఆగదు!

ఇది వింటే నమ్మరు! ఎర్ర బటన్ తీగను ఎలుక కొరికేసిందనుకోండి. మెషిన్ ఏమవుతుంది? ఆగిపోతుంది! మెషిన్ నడిచినంతసేపూ ఆపే బటన్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది. నొక్కితే తెగుతుంది. తీగ ఊడినా తెగినట్టే! ఇంకా విచిత్రం, ఆ తీగలో పారేది కాయిల్ కరెంటే. చిన్న స్టార్టర్లలో అది ఆంపియర్‌లో 20వ వంతు లోపే! అందుకే ఒక్క బటన్‌తో సరిపెట్టుకోనక్కర్లేదు. ముందు ఒకటి, పక్కన ఒకటి, వెనకాల చెక్క అందుకునేవాళ్ళ దగ్గర ఒకటి! వరసగా కలిపితే చాలు, ఏది నొక్కినా మెషిన్ ఆగుతుంది. కానీ అందులో ఉన్నదీ ఇంటి కరెంటే! షాక్ కొడుతుంది. ఎలక్ట్రీషియన్ చేతే కట్టించండి.

ఆ ఎర్ర బటన్‌ను పుట్టగొడుగులా చేసేది అందం కోసం కాదండోయ్! చూడకుండా అరచేత్తో గుద్దినా పని చెయ్యాలి. 40 మిల్లీమీటర్ల వెడల్పున్నవి కొట్లలో సులువుగా దొరుకుతాయి. ఎర్ర గుండీ, దాని వెనక పసుపు రంగు! ఒకసారి నొక్కితే లోపలే ఉండిపోతుంది. తిప్పి వదిలినా మెషిన్ తిరగదు! పచ్చ బటన్ మళ్ళీ నొక్కాలి. ఆ పచ్చ బటన్‌ను గమనించారా? గుంటలో దాక్కుని ఉంటుంది! మోచెయ్యి తగిలి మెషిన్ ఆన్ కాకుండా!

రంపం నడిపేటప్పుడు 2 చేతులూ చెక్క మీదే ఉంటాయి కదా! మరి బటన్ ఎవరు నొక్కాలి? మోకాలు! వెడల్పాటి రేకును ఎర్ర బటన్ మీదికి వేలాడేలా బిగిస్తారు. మోకాలితో తోస్తే చాలు, ఆఫ్! చెక్క వదలక్కర్లేదు. అటు వంగక్కర్లేదు!

ఇది మన ఊళ్ళలో చాలా చోట్ల కనిపించేదే. మార్బుల్ కట్టర్‌ను తలకిందులుగా ప్లైవుడ్ బల్ల కింద బిగిస్తారు. పైకి పళ్ళ బ్లేడు! బటన్‌ను లాక్ చేసేస్తారు. ఇక ఆపాలంటే బల్ల కిందికి దూరాలి, లేదా గోడ ప్లగ్గు దగ్గరికి పరిగెత్తాలి! ఆ చిన్న 4 అంగుళాల బ్లేడు టేబుల్ సా కంటే నెమ్మది అనుకుంటున్నారా? నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుంది! దాని అంచు వేగం మొదట చెప్పిన రంపాన్ని మించిపోతుంది! రాయి కోసే మెషిన్‌తో చెక్క కొయ్యకపోవడమే మేలు. అలాంటి బల్ల ఇప్పటికే ఇంట్లో ఉంటే, దాని ముందు అంచున నో వోల్ట్ స్విచ్ లేకుండా ఇంకొక్క ముక్క కూడా కొయ్యకండి!

లేత్ మెషిన్ సంగతి వేరు! అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్క బొమ్మలు తయారయ్యేది లేత్ మీదే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లేత్‌లో తిరిగేది బ్లేడు కాదు, చెక్కే! స్విచ్ మోటార్ వైపే ఉంటే, ఆపడానికి తిరిగే చెక్క మీదుగా చెయ్యి చాపాలి. చొక్కా చెయ్యి చుట్టుకుందంటే ఇంకేముంది! అందుకే రెండో ఎర్ర బటన్‌ను మోటార్ లేని కొస దగ్గర పెడతారు!

ఆఫ్ చేసినంత మాత్రాన బ్లేడు ఆగదు సుమా! ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది. బ్రిటన్‌లో చెక్క పని కార్ఖానాల మెషిన్లు 10 సెకన్లలోపు ఆగాలని లెక్క. అందుకు కొన్నిటిలో మోటార్‌కే డీసీ కరెంటు పంపి బ్రేకు వేస్తారు. తమాషా చూడండి, ఆ బ్రేకు పని చెయ్యాలన్నా కరెంటే కావాలి! కరెంటు పోతే ఆ బ్రేకూ పోతుంది!

ఇంట్లో షాక్ కొట్టకుండా 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ ఉందా? మంచిదే! కానీ బ్లేడుకు వేలు తగిలితే అది కదలనే కదలదు! దానికి తెలిసేది కరెంటు లీకే. రంపం పళ్ళ సంగతి దానికి తెలియదు!

ఆ సంగతి తెలిసిన రంపం ఒకటుంది! అమెరికాలో స్టీవ్ గ్యాస్ అనే ఆయన ఫిజిక్స్ చదివారు, పేటెంట్ లాయరు కూడా. బ్లేడులో చిన్న విద్యుత్ సంకేతం పారించారు. ఒంటికి తగలగానే ఆ సంకేతం మారుతుంది. అల్యూమినియం దిమ్మ ఒకటి పళ్ళలోకి దూసుకొచ్చి బ్లేడును కరిచి పట్టేస్తుంది! ఎంత సేపట్లో? 5 మిల్లీ సెకన్లలో! మొదట సాసేజ్‌తో పరీక్షించారు. తర్వాత తన సొంత వేలే పెట్టారు! చిన్న గాటుతో బయటపడ్డారు!

ఇవాళే మీ మెషిన్‌ను పరీక్షించండి. ప్లగ్గు పీకి, బ్లేడు తీసేయండి. ప్లగ్గు పెట్టి ఆన్ చెయ్యండి. దూరంగా నిలబడి గోడ స్విచ్ ఆపండి. 10 అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ వెయ్యండి. మెషిన్ దానంతటదే తిరిగిందా? అయితే రేపు పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి!