నిద్ర సుఖమెరగదు సరే... చోటెరుగుతుంది!

వజ్రపుకొత్తూరు: ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. మొదటి మాటకు వంక పెట్టనక్కర్లేదు. రెండో మాట దగ్గరే పేచీ. ఉద్దానంలో ఇంటి ముంగిట నులక మంచం మీద వాలగానే గురక పెట్టే మనిషి, ఊరు దాటి పరాయి చోట మెత్తటి పరుపు మీద పడుకుంటే తెల్లవార్లూ దొర్లుతాడు. పొద్దున్నే కళ్లు నులుముకుంటూ 'కొత్త చోటు కదా, నిద్ర పట్టలేదు' అంటాడు. విన్నవాళ్లు నవ్వేస్తారు. నిజానికి అందులో నవ్వాల్సిందేమీ లేదు.

ఈ మండలంలో ఎవరో ఒకరు పరాయి ఊళ్లో తలవాల్చని ఇల్లు వెతికినా దొరకడం కష్టం. జిల్లా తీరం పొడవునా జాలర్లు వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతారు. తోటల మీద బతకలేనివారు విశాఖ, చెన్నై, హైదరాబాదు దారి పడతారు. మూత్రపిండాల జబ్బు పట్టినవారు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు. పెళ్లయిన ఆడపిల్ల అత్తవారింటికి వెళుతుంది. అందరికీ మొదట ఎదురయ్యేది ఒకటే: మొదటి రాత్రి గడవడం.

సగం మెదడు కాపలా

దీన్ని మన పెద్దలే కాదు, శాస్త్రజ్ఞులూ పట్టించుకున్నారు. మనుషుల తలకు తీగలు అంటించి ప్రయోగశాలలో పడుకోబెట్టి నిద్రను కొలిచేవారికి ఒక చిక్కు వచ్చిపడింది. ఎంత ఆరోగ్యవంతుడైనా మొదటి రాత్రి సరిగా నిద్రపోవడం లేదు. రెండో రాత్రి నుంచి కుదుటపడుతున్నాడు. 1966లో అమెరికా శాస్త్రజ్ఞులు దీనికి 'మొదటి రాత్రి ప్రభావం' అని పేరు పెట్టారు. ఆ తరువాత చాలాకాలం ఆ రాత్రి లెక్కలు పనికిరావని పక్కన పడేసేవారు తప్ప, ఎందుకిలా అని గట్టిగా అడిగినవారు తక్కువ.

2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మసాకో తమాకి, యుకా ససాకి, వారి సహచరులు ఆ ప్రశ్నే అడిగారు. కొత్త చోట పడుకున్నవారి మెదడులో రెండు భాగాలూ ఒకే తీరుగా నిద్రపోవడం లేదని తేలింది. కుడి భాగం గాఢనిద్రలోకి జారుకుంటే, ఎడమ భాగంలో కొంత మేర తేలిక నిద్రే. ఆ ఎడమ భాగానికి చేరేలా కుడి చెవిలో ఒక వింత చప్పుడు వినిపిస్తే చప్పున మెలకువ వచ్చేది. కొన్నాళ్లకు మళ్లీ అదే గదిలో పడుకున్నప్పుడు ఈ తేడా కనిపించలేదు.

జాలర్లకు తెలిసిన డాల్ఫిన్లు ఇలా సగం మెదడుతోనే నిద్రపోతాయి. మిగతా సగం మేలుకొని ఈదుతుంది, ఊపిరి కోసం పైకి తెస్తుంది. మనిషి అంత దూరం పోడు గానీ, తెలియని చోట తనకు తెలియకుండానే ఒక కాపలాదారును నిలబెట్టుకుంటాడన్నమాట. కనుక పరాయి ఊళ్లో నిద్ర పట్టనివాడు బెంగపెట్టుకున్న పిరికివాడూ కాదు, సుఖానికి అలవాటుపడ్డవాడూ కాదు. అతని ఒళ్లు దాని పని అది చేసుకుపోతోంది.

వేరావల్‌లో తొలి రాత్రులు

పూండి స్టేషనులో పెద్ద రైళ్లు చాలా ఆగవు. పలాస వెళ్లి ఎక్కాల్సిందే. అక్కడినుంచి దేశం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు రైళ్లు మారుతూ ప్రయాణం. జనరల్ పెట్టెలో తలుపు దగ్గర గోనె పరుచుకుని, మూట తలకింద పెట్టుకుని, ఏ స్టేషనులో మారాలో మరిచిపోకూడదన్న భయంతో వేసే కునుకును నిద్ర అనలేం. అలా రెండు మూడు రోజులు గడిపి హార్బరులో దిగిన కుర్రవాడు, బోటు సిద్ధంగా ఉంటే ఆ వెంటనే సముద్రం మీదికి పోతాడు.

బోటు మీద ఏడెనిమిది మంది. పదిహేను ఇరవై రోజులు ఒడ్డు కనిపించదు. వల వేసిన మూడు నాలుగు గంటలకు పైకి లాగాలి. చేపలు ఏరాలి, ఐసులో వేయాలి, మళ్లీ వల దించాలి. రాత్రీ పగలూ ఇదే వరస. మధ్యలో దొరికిన గంటా రెండు గంటలే నిద్ర. కింద ఇంజను మోత, డీజిలు వాసన, పక్కవాడి మోచేయి.

ఊగుడు వల్ల నిద్ర చెడుతుందనుకుంటే పొరపాటు. 2019లో స్విట్జర్లాండు పరిశోధకులు మెల్లగా ఊగే మంచం మీద యువకులను పడుకోబెట్టి చూస్తే, కదలని మంచం మీదకన్నా త్వరగా, గాఢంగా నిద్రపోయారు. చీరతో ఉయ్యాల కట్టి పసిపిల్లను ఊపే మన తల్లులకు ఇది కొత్త కబురేమీ కాదు. పట్టనివ్వనిది ఊగుడు కాదు, కొత్తదనం. ఏ చప్పుడు మామూలుదో ఏది ప్రమాదానిదో తొలి రాత్రుల్లో కుర్రవాడికి తెలియదు. ఇంజను శ్రుతి కాస్త మారినా లేచి కూర్చుంటాడు. పాతవాడు అదే మోతలో హాయిగా పడుకుంటాడు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నిద్ర లేనివాడి చేతికి వించి తాడు ఇస్తారు. పదిహేడు గంటలు ఏకధాటిగా మేలుకొన్నవాడి చేతివాటం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా దెబ్బతింటుందని 1997లో ఆస్ట్రేలియాలో కొలిచి చెప్పారు. తాగినవాణ్ని ఏ తండేలూ వించి దగ్గరకు రానివ్వడు. నిద్రలేనివాణ్ని మాత్రం 'కొత్తవాడు, అలవాటు పడతాడులే' అని పంపేస్తారు. ముంజేయి తాడులో చిక్కుకోవడానికి, కాలు జారి నీళ్లలో పడడానికి ఒక్క క్షణం కునుకు చాలు. కొత్త కళాసీకి మొదటి రెండు మూడు రోజులు రాత్రి వల లాగే పని తప్పించి, చేపలు ఏరే పని ఇస్తే తండేలుకు పోయేదేమీ ఉండదు.

ఆ సముద్రంలో కాపలా అవసరం కూడా ఉత్తిది కాదు. నీళ్లమీద గీత కనిపించదు. వేరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం జిల్లా జాలర్లు 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి పట్టుబడి, కరాచీ జైలులో ఏడాదికి పైగా గడిపి, 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో మన గడ్డపై అడుగుపెట్టారు.

అదే ఏడాది మార్చి చివర లాక్‌డౌన్ వచ్చింది. ఉత్తరాంధ్ర జాలర్లు వేలాది మంది వేరావల్ హార్బరులో బోట్లమీదే చిక్కుపడ్డారు. ఒడ్డున కట్టేసిన బోటు, వేట లేదు, వల లేదు, రాత్రంతా పడుకోవచ్చు. చోటు పాతదే. అయినా ఇంటి మీద ధ్యాసతో, రోగం భయంతో కంటిమీద కునుకు లేదు. ఏప్రిల్ నెలాఖరులో బస్సులు కదిలేదాకా అదే తీరు.

కొత్తకోడలి కోడికునుకు

మగవాడి వలస గురించి అందరూ మాట్లాడతారు. పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన పిల్ల నిద్ర గురించి అడిగేవారు లేరు. అందరూ పడుకున్నాక పడుకోవాలి, అందరికన్నా ముందు లేవాలి. తలుపు గడియ ఎటు తిరుగుతుందో, రాత్రి బయటికి వెళ్లాలంటే దీపం ఎక్కడుందో తెలియదు. అడగడానికి మొహమాటం. పగలు కూర్చున్నచోటే తూగితే 'బద్ధకం' అన్న పేరు సిద్ధం.

ఈ విషయంలో నువ్వలరేవు ఆడపిల్లలు కొంత అదృష్టవంతులనే చెప్పాలి. అక్కడ ఊరివాళ్లు ఊరివాళ్లనే చేసుకుంటారు. కొన్నేళ్లకోసారి ఊరంతా కలిసి ఒకేసారి పెళ్లిళ్లు జరిపించడం వారి ఆచారం. అత్తవారింట్లో పడుకున్నా చెవినపడేది పుట్టింట్లో విన్న సముద్రపు హోరే. మిగతా ఊళ్ల అత్తలు కోడలికి మొదటి రోజే గడియ, దీపం, దొడ్డిదారి చూపిస్తే సగం పని అయినట్టే.

వరండాలో తువాలు పరిచి

మూత్రపిండాలు దెబ్బతిన్నవారి సంగతి వేరు. నిద్ర పట్టకపోవడం, రాత్రిళ్లు కాళ్లు కుదురుగా నిలవకపోవడం ఆ జబ్బు లక్షణాల్లోనివే. దానికి పరాయి చోటు తోడైతే చెప్పనక్కర్లేదు. డయాలసిస్ కోసం విశాఖ దాకా పోవలసిన రోజుల్లో రోగికి మంచమైనా దొరికేది. తోడు వెళ్లిన భార్యకో కొడుక్కో ఆసుపత్రి వరండాలో తువాలే పరుపు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. తరువాత డయాలసిస్ కేంద్రాలు దగ్గరకొచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వైద్యం దగ్గరకు రావడమంటే బస్సు చార్జీ మిగలడమొక్కటే కాదు, ఆ రాత్రి సొంత ఇంట్లో పడుకోవడం కూడా. ఆసుపత్రి లెక్కల్లో దీనికి పద్దు ఉండదు.

నిద్ర కోసం మందుల దుకాణంలో తోచిన మాత్ర కొని మింగడం ఎవరికీ మంచిది కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మరీ ప్రమాదం. ఒక చుక్క వేసుకుంటే నిద్ర వస్తుందనేది బోట్లమీద పాతమాట. వస్తుంది, నడిరాత్రికి పోతుంది కూడా. వెంట తీసుకెళ్లదగినవి వేరే ఉన్నాయి: ఇంట్లో కప్పుకునే దుప్పటి, ఉతక్కుండా. ఆ వాసన ముక్కుకు తగిలితే ఒళ్లు సగం ఇంట్లో ఉన్నట్టు ఊరుకుంటుంది. వెలుగు ఉండగానే తలుపులు, దారులు చూసుకోవాలి. తోటివాడితో 'నువ్వు ముందు పడుకో, నేను చూస్తుంటా' అని వంతులు వేసుకోవాలి. బయట నిజంగా ఒక కాపలా ఉంటే లోపలి కాపలాదారుకు పని తగ్గుతుంది.

తిత్లీ రాత్రి

ఊరు విడవకుండానే పరాయి చోటికి పోయిన రాత్రి ఒకటి ఈ మండలానికి ఉంది. 2018 అక్టోబరు 10 రాత్రి తీరగ్రామాల జనాన్ని తుపాను ఆశ్రయాలకు, బడి భవనాలకు చేర్చారు. తెల్లవారుజామున తిత్లీ పలాసకు చేరువలో ఈ మండల తీరాన్నే దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. సిమెంటు నేలమీద చాపలు పరిచి పిల్లల్నైతే పడుకోబెట్టారు గానీ పెద్దవాళ్లు కన్ను మూసింది లేదు.

తెల్లారి చూస్తే కొబ్బరి, జీడి, పనస నేలమట్టం. కరెంటు లేదు. ఇళ్లకు తిరిగి వచ్చినా నిద్ర రాలేదు. పుట్టినప్పటినుంచి రాత్రిళ్లు చెవిలో పడే కొబ్బరాకుల గలగల లేదు. ఆకులు అడ్డులేక సముద్రపు హోరు మునుపటికన్నా దగ్గరకొచ్చినట్టుంది. అదే మంచం, అదే ముంగిలి. సొంత ఊరే కొత్త చోటైపోయింది.

జూన్ ఒకటిన పశ్చిమ తీరంలో వేట నిషేధం మొదలవుతుంది. దానికి ముందే మనవాళ్లు ఒకరొకరుగా వేరావల్ నుంచి ఇళ్లు చేరతారు. చిత్రమేమిటంటే, నెలల తరబడి ఇంటి మంచం కోసం కలలు కన్నవాడికి ఇంట్లోనూ మొదటి రాత్రులు నిద్ర పట్టదు. ఇంజను మోత లేదు, నేల ఊగదు. మూడేసి గంటలకు వల లాగాలన్నట్టు ఉలిక్కిపడి లేస్తాడు. గాలి సోకిందేమోనని ఇంట్లోవాళ్లు కంగారు పడనక్కర్లేదు. నాలుగు రాత్రులు పోనిస్తే సర్దుకుంటుంది. ఆ నాలుగు రోజులూ తెల్లవారకముందే తెప్ప తోసుకుని వేటకు పొమ్మని అతన్ని తొందరపెట్టకుండా ఉంటే చాలు.