చివరి గుండీ

మా శంకరంపేటలో, మా వీధి చివరి యింటి పిల్లవాడికి ఆరేళ్ళు. పుట్టుకలోనే మెదడుకు తగిలిన దెబ్బవల్ల చేతులు బిగుసుకుపోతవి. వాడి తల్లి ఒకనాడు నన్నడిగింది: "సారూ, పోరనికి వృత్తి చికిత్స చెయ్యాలంటున్నరు. ఏం వృత్తి నేర్పుతరు? సొంతంగ ఇంత బుక్క పెట్టుకుంటె సాలు నాకు."

తెలుగు పాఠం చెప్పుకుని బ్రతికేవాణ్ణి, సిగ్గుపడ్డాను. అనువాదం చేసింది మనవాళ్ళే గదా! ఆక్యుపేషనల్ థెరపీలో వృత్తి అంటే బ్రతుకుతెరువు కాదు. తినటం, తొడుక్కోవటం, రాయటం—పొద్దున లేచింది మొదలు మనిషి చేసుకునే పనులన్నీను. పసివాడికైతే ఆటే పెద్ద పని. ఆ తల్లి కోరిన బుక్కే ఆ చికిత్స.

అమెరికాలో పుట్టి మన దేశపు కోడలైన కమలా నింబ్‌కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో యీ విద్యకు పాదు వేసింది. 1984లో సికిందరాబాదులో బుద్ధిమాంద్యం గల పిల్లలకోసం జాతీయ సంస్థ వెలిసింది. ఆ తరువాత మండలాల్లో భవిత కేంద్రాలూ వచ్చినవి. అయినా పల్లెకు నిపుణుడు రోజూ రాలేడు. వచ్చిననాడు పిల్లవాణ్ణి పరీక్షించి, చెయ్యవలసింది నిర్ణయించి వెళ్ళిపోతాడు. మిగతా రోజుల్లో ఆ నిర్ణయాన్ని పిల్లవాడి వేళ్ళలోకి ఎక్కించేవారు సహాయకులు. వీరి పేరు ఏ బోర్డుమీదా కనిపించదు.

ఒకనాడు తల్లీబిడ్డలవెంట నేనూ వెళ్ళి కూర్చున్నాను. సహాయకురాలు చెంచా ముట్టుకోలేదు. ముందు, కుర్చీలోంచి వేలాడుతున్న వాడి పాదాలకింద పీట వేసింది. నడుము నిలవనిదే చెయ్యి నిలవదట! తరువాత చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేసింది, పిడికిట్లో ఇమిడింది. ఆపైన చింతగింజలు. బొటనవేలితో, చూపుడువేలితో ఒక్కొక్కటే తీసి డబ్బాలో వెయ్యాలి. నోట్లో వేసుకోకుండా ఆమె కాపలా.

ఏ చెయ్యి ముందు చాచాడు, ఎప్పుడు అలిసిపోయాడు—అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటుంది. నిపుణురాలు రాగానే అడిగేది ఆ పుస్తకమే. "కాస్త గట్టిగా లాగితే వేళ్ళు త్వరగా సాగవూ?" అన్నాను, నా తెలివి కొద్దీ.

"లాగొద్దు సార్. ఇంకా బిగుసుకుంటయి. మార్చాల్నంటె మేడమ్ చూసి చెప్పాలె. నేను మార్చొద్దు."

చివరికి చొక్కా. పైనుంచి గుండీలన్నీ తానే పెట్టి, అడుగుదాన్ని సగం దూర్చి వదిలింది. మొదటినుంచి నేర్పితే నడుమనే విసిగిపోతారు. చివరినుంచి నేర్పితే పని ముగించిన సంబరం పిల్లవాడిదే అవుతుంది. అది కుదిరితే చివరి రెండూ, ఆ తరువాత మూడూ. నా పాఠాల్లో యీ ఉపాయం ఎందుకు తోచలేదో!

గుండీ మూడుమార్లు జారింది. తల్లి ఉండబట్టలేక చెయ్యి చాచింది.

"ఆగక్కా," అన్నది సహాయకురాలు. తన చేతులు మాత్రం ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నది.

నాలుగోమారు దూరింది. వాడు మా ముగ్గురి మొహాలూ చూసి, గుండీని ఊడలాగి, మళ్ళీ మొదలుపెట్టాడు.