తలలో మబ్బు

పొయ్యిమీఁదఁ బాలుంచి మఱచిపోవుట, పప్పులో రెండుమాఱు లుప్పు వేయుట, గదిలోనికిఁ బోయి యెందులకు వచ్చితిమో తెలియక నిలిచిపోవుట యెవరి యింట జరుగుట లేదు? ఒకనాఁటి మఱపును నవ్వి విడువవచ్చును. కాని నెలల తరబడి తల మొద్దుబాఱి, మాట సమయమునకు నోటికి రానిచో, దానిని మనవారు సోమరితన మనియు, పరధ్యాన మనియు నిందించుచుందురు.

ప్రత్తిపాటిలో మా తోడికోడలి కిట్టి స్థితియే సంభవించినది. "అక్కా, తలలో మబ్బు కమ్మినట్లున్నది, ఏమియుఁ దోఁచుట లేదు" అని యామె చెప్పినప్పుడు మేమును మొదట నామెనే తప్పుపట్టితిమి. అది మిరపకోఁతల కాలము. కూలీలకు వండి పంపుటలో నెవరికి మాత్రము తీరిక?

ఈ మబ్బునుగూర్చి చీనా వైద్యులు చెప్పిన మాట మాకు మిక్కిలి నచ్చినది. వారి మతమున ఆలోచనకు నెలవు తల మాత్రమే కాదు, ప్లీహము కూడను. ఇది నేఁటి వైద్యులు చూపెడి యవయవమే యని తలఁపరాదు. తిన్న యన్నమును సారముగా మార్చి దేహమంతటికి నందించు శక్తికి వారు పెట్టిన పేరది. ఆ శక్తి సన్నగిల్లినచో లోపలఁ జెమ్మ చేరును. చెమ్మ ముదిరి కఫమగును. స్వచ్ఛమైన సారము తలకెక్కదు. అతిచింత ప్లీహమునకే చెఱుపని వారందురు. 1253లో యెన్ యుంగ్‌హో అను వైద్యుఁడు తన గ్రంథమున, చింతవలన మతిమఱపు గలిగినవారికి గుయిపీ కషాయమును విధించెను.

చరకసంహిత నెఱిఁగినవారి కిది క్రొత్త కాదు. తంద్ర, అతినిద్ర, దేహపు బరువు, ఆలస్యము అనువానిని చరకుఁడు ఇరువది కఫవికారములలోఁ జేర్చెను. మనము కోడండ్రను దిట్టుటకు వాడు సోమరితన మక్కడ రోగలక్షణము!

మందులోను చుట్టఱిక మున్నది. మనసును గప్పిన కఫమును విప్పుటకు చీనావారు వాడు షిచాంగ్‌పూ మన వసకు దాయాది. మన పల్లెలలో మాటలు వచ్చుటకై పసివారికి వసకొమ్ము అరగఁదీసి నాకింతురు. కాని కొన్ని జాతుల వసలోని అసరోన్ అను ద్రవ్యము ఎలుకలకుఁ గంతులు కలిగించినదని తేలుటచే, అమెరికాలో 1968లోనే వసను ఆహారమునఁ గలుపుట నిషేధించిరి. పసివారికి దీనిని నాకింపకుండుటయే మేలు.

మేము తోడికోడలికి సరస్వతీ లేహ్యము తెప్పింపఁబోయితిమి. ఇంతలో నామె కనుఱెప్పల లోపలి యెఱుపు పాలిపోయి యుండుట కంటఁబడి, వైద్యురాలి కడకుఁ గొనిపోయితిమి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7 గ్రాములే యున్నది. గర్భిణి కాని స్త్రీకి 12 ఉండవలెను. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనఁబడినది. థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ కొఱఁత, నిద్రలేమి, ముట్లుడుగు కాలము కూడ నిట్టి మబ్బు కమ్మించును. ప్రాచీనులు పాండురోగము నెఱుఁగుదురు. చరకుఁడు దానికి ఇనుము చేర్చిన నవాయసచూర్ణము చెప్పెను. కాని లోప మేదో, ఎంతయో తేల్చునది నేఁటి రక్తపరీక్షయే.

వైద్యురాలు ఇనుపమాత్ర లిచ్చి, వానితోఁ గాఫీ, తేనీరు త్రాగవద్దనియు, నిమ్మరసము మంచిదనియుఁ జెప్పినది. కాఫీ మానుట యామెకు మాత్రలకంటెఁ గష్టమైనది. మూఁడు నెలలకు మా తోడికోడలు కూలీల లెక్కలు మరల నోటఁ గట్టఁజొచ్చినది. తిట్టినవారెవ్వరు నామెతో నామాట యెత్తలేదు. మేము మాత్ర మొకనాఁడు పెరటిలో నెత్తితిమి. "పోనిండక్కా" అని యామె ఆరవేసిన మిరపకాయలను దిరుగవేయుటకు వెడలిపోయినది.