కాపలా పెట్టినవాడికి తెలియదంటే కుదరదు

ఉగ్రవాదాన్ని అడ్డుకోవడంలో రాజ్యం బాధ్యత ఎంత? అంతర్జాతీయ న్యాయం ఏమంటుంది? సూర్యాపేట నుంచి మొదలుపెడదాం.

2015 ఏప్రిల్ 1, అర్ధరాత్రి ప్రాంతం. సూర్యాపేట హైటెక్ బస్టాండులో పోలీసులు తనిఖీ చేస్తుంటే ఇద్దరు తుపాకులు తీశారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ చనిపోయారు. అక్కణ్నుంచి పారిపోవడానికి దారులకు కొదవ లేదు. హైవే పట్టుకుంటే కోదాడ, అది దాటితే పది నెలల కిందటే పుట్టిన ఆంధ్రా సరిహద్దు. మిర్యాలగూడ వైపు దిగితే వాడపల్లి, కృష్ణ దాటితే పల్నాడు. వాళ్లు ఎటూ దాటలేదు. ఏప్రిల్ 4న మోత్కూరు మండలం జానకీపురం దగ్గర ఎదురుకాల్పుల్లో హతమయ్యారు. కానిస్టేబుల్ నాగరాజునూ పోగొట్టుకున్నాం. గాయపడ్డ ఎస్సై సిద్ధయ్య ఏప్రిల్ 7న ఆసుపత్రిలో కన్నుమూశారు.

ఆ ఇద్దరూ 2013 అక్టోబరు 1న మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న, నిషేధిత సంస్థ సిమి మనుషులని పోలీసులు తేల్చారు. అంటే సరిగ్గా ఏడాదిన్నర. జైలు ఒక రాష్ట్రానిది, చావులు ఇంకో రాష్ట్రానివి. ఖండ్వా, సూర్యాపేట వేరే వేరే దేశాల్లో ఉంటే ఎవరు ఎవర్ని నిలదీయాలి?

దీనికి జవాబు వెతుకుతూ తీర్మానాలు, ఒప్పందాలు చాలానే తిరగేశాను. ప్రాణమున్న కాగితం ఒక్కటే దొరికింది: హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 1949 ఏప్రిల్ 9న ఇచ్చిన కోర్ఫు జలసంధి తీర్పు. ఆ కోర్టుకు వచ్చిన మొట్టమొదటి కేసు అది. అందులో ఉగ్రవాదం ఊసే లేదు.

1946 అక్టోబరు 22న రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు అల్బేనియా జలాల్లో మందుపాతరలకు తగిలాయి. 44 మంది పోయారు. పాతరలు పెట్టిందెవరో కోర్టు చివరిదాకా తేల్చలేదు. అల్బేనియా పెట్టిందనడానికి రుజువు లేదు. మాకేం తెలియదు అంది అల్బేనియా. అయితే ఆ ప్రభుత్వం ఆ తీరాన్ని డేగకన్నుతో కాస్తోంది. అదే ఏడాది మే నెలలో అటుగా వెళ్లిన బ్రిటిష్ నౌకల మీద కాల్పులు కూడా జరిపింది. కోర్టు నిపుణులు స్వయంగా అక్కడికి వెళ్లి, ఒడ్డునున్న కాపలా చోట్ల నుంచి రాత్రిపూట ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో పరీక్షించి వచ్చారు. ఇంత కాపలాలో మీకు తెలియకుండా జరగదు, తెలిసి హెచ్చరించలేదు, అదే మీ తప్పు అంది కోర్టు. కాపలాయే సాక్ష్యమైంది! అవతలి దేశం గడప దాటలేని బాధితుడు నేరుగా రుజువు తేలేడు గనుక, పరిస్థితులను బట్టి ఊహించే వెసులుబాటు అతనికి ఎక్కువ ఇవ్వాలని కూడా చెప్పింది.

మిగతా చరిత్ర గబగబా. 2001 సెప్టెంబరు 27న మన కేంద్రం సిమిని నిషేధించింది. మర్నాడే భద్రతా మండలి 1373వ తీర్మానాన్ని కొన్ని నిమిషాల్లో, ఏకగ్రీవంగా ఆమోదించింది: ఆశ్రయం ఇవ్వొద్దు, డబ్బు ఆపండి, ముందే హెచ్చరించండి. ఉగ్రవాదం అంటే ఏమిటో మాత్రం నిర్వచించలేదు. 2007లో బోస్నియా కేసులో, నివారణ అంటే ఫలితానికి హామీ కాదు, చేతనైనదంతా చేయడమని హేగ్ కోర్టు చెప్పింది. అది జాతిహననం కేసు, కానీ కొలబద్ద ఇక్కడా పనికొస్తుంది. 1949 తీర్పు మీద నాకున్న మోజు 1373 మీద లేదు. ఒకటి ఆధారాలు తవ్వింది, ఇంకోటి ఆదేశాలు వల్లించింది.

మనింట్లో ఆ కొలబద్ద పట్టేదెవరు? పోలీసులు, జైళ్లు రెండూ రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోవే. 2016 ఫిబ్రవరిలో తెలంగాణ, ఒడిశా పోలీసులు కలిసి రూర్కెలాలో నలుగురిని పట్టుకున్నారు. వాళ్లలో ఖండ్వా నుంచి పారిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ నలుగురినీ భోపాల్ జైల్లో పెట్టారు. అక్టోబరు 31 తెల్లవారుజామున ఎనిమిది మంది ఆ జైలు నుంచి తప్పించుకున్నారు, ఒక కాపలా ఉద్యోగిని చంపి. ఆ ఎనిమిది మందిలో ఈ నలుగురూ ఉన్నారు. ఆ రోజే జరిగిన ఎన్‌కౌంటర్ మీద లేచిన ప్రశ్నలు వేరే కథ. ఖండ్వా తర్వాత కూడా తెలియదనే మాట చెల్లుతుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

బాక్స్: మనమే వేసిన తలుపు

2013 ఫిబ్రవరి 21 దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో ఐదుగురికి ఉరిశిక్ష పడింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. ఆ ఐదుగురిలో ఒకడు పాకిస్థానీ. మరి పాకిస్థాన్‌ను హేగ్‌కు ఈడ్చవచ్చు కదా? అంత తేలిక కాదు. పాకిస్థాన్ సహా కామన్వెల్త్ దేశాలతో తగాదాల్లో ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోమని భారత్ ఎప్పుడో రాసిచ్చింది. 1999లో తన నౌకాదళ విమానాన్ని మనం కూల్చామని పాకిస్థాన్ కోర్టుకెక్కితే, ఆ షరతుతోనే 2000 జూన్‌లో గట్టెక్కాం.